తంబోలా తెలిస్తే బింగో వచ్చినట్టే.. ఫోన్‌లో ఎలా ఆడాలి? డబ్బులు పెట్టమంటే ఎందుకు ఆగాలి?

న్యూ ఇయర్ పార్టీ, కిట్టీ పార్టీ, అపార్ట్‌మెంట్‌లో సంక్రాంతి సంబరాలు.. సందర్భం ఏదైనా సరే, ఒకరు మైక్ పట్టుకుని నంబర్లు చదువుతుంటే మిగతావాళ్లు పెన్ను పట్టుకుని టికెట్ మీద కొట్టేసుకుంటూ కూర్చునే ఆట ఒకటి ఉంటుంది. అదే తంబోలా. కొందరు హౌసీ అంటారు. లాక్‌డౌన్ టైమ్‌లో ఈ ఆట వీడియో కాల్‌లోకి వచ్చింది. ఆ తర్వాత యాప్‌లలోకి, వాట్సాప్ గ్రూపుల్లోకి, టెలిగ్రామ్ ఛానళ్లలోకి పాకింది. ఇప్పుడు 'ఆన్‌లైన్ బింగో' పేరుతో ఫోన్లలో ప్రకటనలు కూడా కనిపిస్తున్నాయి.

ఇంతకీ బింగో అంటే ఏంటి? తంబోలాకి, దీనికి తేడా ఉందా? కొత్తవాళ్లు ఎలా మొదలుపెట్టాలి? టికెట్‌కి డబ్బు కట్టమంటే ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

బింగో, హౌసీ, తంబోలా.. మూడూ ఒకటేనా?

దాదాపు ఒకటే. ఈ ఆటకి పుట్టిల్లు ఇటలీ. అక్కడ 16వ శతాబ్దంలో మొదలైన లాటరీ నుంచే ఇది పుట్టిందని చెబుతారు. నేపుల్స్ నగరంలో ఇంట్లో కూర్చుని ఆడుకునే 'టోంబోలా'గా మారింది. మనం అనే తంబోలా ఆ పేరే. ఇటలీలో ఇప్పటికీ క్రిస్మస్ సీజన్‌లో కుటుంబమంతా కూర్చుని ఈ ఆట ఆడతారు.

బ్రిటిష్ సైన్యంలో దీన్ని 'హౌసీ హౌసీ' అనేవారు. కంటోన్మెంట్లు, ఆఫీసర్ల క్లబ్బుల ద్వారా ఆ పేరు మన దేశానికి వచ్చింది. ఇక 'బింగో' అన్న పేరు పాపులర్ అయ్యింది అమెరికాలో. 1929 ప్రాంతంలో ఎడ్విన్ లో అనే బొమ్మల వ్యాపారి ఈ ఆటను ఆ పేరుతో మార్కెట్ చేశారు.

ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ ఉంది. స్కూల్లో నోట్‌బుక్ వెనక పేజీలో 25 గడులు గీసి, 1 నుంచి 25 వరకు నంబర్లు రాసుకుని, ఐదు లైన్లు పూర్తయితే 'బింగో' అని అరిచే ఆట చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది వేరు. అందులో నంబర్లు ఎక్కడ రాయాలో మీ ఇష్టం, ఏ నంబర్ చెప్పాలో కూడా మీ ఇష్టం. అంటే కొంచెం బుర్రకు పని ఉంటుంది. తంబోలాలో, ఆన్‌లైన్ బింగోలో ఆ అవకాశమే లేదు. టికెట్ మీరు తయారు చేయరు, నంబర్ మీరు చెప్పరు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, డబ్బు విషయం వచ్చినప్పుడు దీనితోనే పని.

టికెట్ ఎలా ఉంటుంది?

తంబోలా టికెట్‌లో 3 అడ్డ వరుసలు, 9 నిలువు వరుసలు ఉంటాయి. మొత్తం 27 గడులు. అందులో 15 గడుల్లోనే నంబర్లు ఉంటాయి, మిగతా 12 ఖాళీ. ప్రతి అడ్డ వరుసలో సరిగ్గా 5 నంబర్లు ఉంటాయి.

నిలువు వరుసలకు కూడా ఒక పద్ధతి ఉంది. మొదటి దాంట్లో 1 నుంచి 9 వరకు, రెండో దాంట్లో 10 నుంచి 19 వరకు, మూడో దాంట్లో 20 నుంచి 29 వరకు.. ఇలా వెళ్తుంది. చివరి దాంట్లో మాత్రం 80 నుంచి 90 వరకు వస్తాయి. ఉదాహరణకు ఒక వరుసలో 4, 23, 47, 61, 88 ఉండొచ్చు. కాలర్ '61' అనగానే ఏడో నిలువు వరుసలో చూస్తే చాలు, టికెట్ మొత్తం వెతకక్కర్లేదు.

ఆరు టికెట్లు కలిపి ఒక షీట్‌గా కూడా ఇస్తారు. అందులో 1 నుంచి 90 వరకు ప్రతి నంబర్ ఒక్కసారే వస్తుంది. అందుకే ఫుల్ షీట్ తీసుకున్నవాళ్లకు ఏ నంబర్ పిలిచినా ఏదో ఒక టికెట్ మీద కొట్టేసే పని ఉంటుంది. చూడ్డానికి గెలుస్తున్నట్టే అనిపిస్తుంది. కానీ ఆరు టికెట్లకు ఉండే ఛాన్స్ ఆరు టికెట్లదే, అంతకంటే ఎక్కువ కాదు.

అమెరికాలో ఎక్కువగా ఆడే బింగో కార్డు వేరు. 5 అడ్డ వరుసలు, 5 నిలువు వరుసలు. నిలువు వరుసల పైన బి, ఐ, ఎన్, జీ, ఓ అన్న అక్షరాలు ఉంటాయి. నంబర్లు 1 నుంచి 75 వరకే. మధ్య గడి ఖాళీ, అది అందరికీ ఫ్రీ. కాబట్టి కొట్టాల్సినవి 24 నంబర్లు. యాప్‌లో '75 బాల్' అని ఉంటే ఈ అమెరికా పద్ధతి, '90 బాల్' అని ఉంటే మన తంబోలా పద్ధతి అన్నమాట.

ఎలా గెలుస్తారు?

మన దగ్గర సాధారణంగా ఇచ్చే ప్రైజులు ఇవి.

- జల్దీ ఫైవ్ లేదా అర్లీ ఫైవ్: టికెట్‌లో ఏవైనా 5 నంబర్లు అందరికంటే ముందు కొట్టేసినవాళ్లకి.
- టాప్ లైన్, మిడిల్ లైన్, బాటమ్ లైన్: ఆ వరుసలోని 5 నంబర్లూ పూర్తయితే.
- ఫోర్ కార్నర్స్: పై వరుసలో మొదటి, చివరి నంబర్లు, కింది వరుసలో మొదటి, చివరి నంబర్లు వస్తే.
- ఫుల్ హౌస్: మొత్తం 15 నంబర్లూ పూర్తయితే. పెద్ద ప్రైజ్ ఇదే.

బ్రిటన్‌లో మాత్రం సింపుల్‌గా ఒక లైన్, రెండు లైన్లు, ఫుల్ హౌస్ అని మూడే ఉంటాయి.

రూల్ ఒకటి చాలా ముఖ్యం. మీ లైన్ పూర్తయిన వెంటనే, తర్వాతి నంబర్ పిలవకముందే చెప్పాలి. ఆలస్యం చేస్తే క్లెయిమ్ పోయినట్టే. తప్పుగా క్లెయిమ్ చేస్తే దాన్ని 'బోగీ' అంటారు. చాలాచోట్ల ఆ టికెట్‌ను ఆట నుంచి తీసేస్తారు.

నంబర్లకు ముద్దుపేర్లు పెట్టడం కూడా ఈ ఆటలో సరదానే. 88 అంటే 'టూ ఫ్యాట్ లేడీస్', 11 అంటే 'లెగ్స్ ఎలెవన్', 90 అంటే 'టాప్ ఆఫ్ ద షాప్'. 9ని 'డాక్టర్స్ ఆర్డర్స్' అంటారు. బ్రిటిష్ సైనికులకు ఆర్మీ డాక్టర్లు ఏ జబ్బుకైనా 'నంబర్ 9' మాత్ర ఇచ్చేవారట, ఆ పేరు అలా వచ్చిందని చెబుతారు.

ఆన్‌లైన్‌లో ఏం మారుతుంది?

మూడు విషయాలు మారతాయి.

మొదటిది, నంబర్లు తీసేది మనిషి కాదు. ర్యాండమ్ నంబర్ జనరేటర్ అనే సాఫ్ట్‌వేర్. సంచిలోంచి బిళ్ల తీసే బదులు కంప్యూటర్ నంబర్ ఇస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ నిజాయతీగా పనిచేస్తోందా లేదా అన్నది ఆడేవాళ్లకు కనిపించదు.

రెండోది, ఆటో మార్కింగ్. చాలా యాప్‌లలో నంబర్ రాగానే టికెట్ మీద దానంతట అదే కొట్టేసి ఉంటుంది. క్లెయిమ్ కూడా యాపే చేసేస్తుంది. అంటే మీరు ఫోన్ పక్కన పెట్టి టీ తాగొచ్చినా ఫలితం మారదు. హాల్లో ఆడేటప్పుడు కనీసం చెవులు, కళ్లు అలర్ట్‌గా ఉండాలి. ఇక్కడ అదీ అక్కర్లేదు.

మూడోది, స్పీడ్. పార్టీలో ఒక ఆట అరగంట సాగుతుంది. మధ్యలో జోకులు, గొడవలు, సమోసాలు ఉంటాయి. యాప్‌లో కొన్ని నిమిషాల్లోనే ఆట అయిపోతుంది, ఇంకో ఆటకి కౌంట్‌డౌన్ మొదలవుతుంది. డబ్బుతో ఆడేవాళ్లకు అసలు దెబ్బ ఈ స్పీడే.

సరదాగా నేర్చుకోవాలంటే ముందు డబ్బుతో సంబంధం లేని ఫ్రీ యాప్ చూసుకోండి. ఒకే టికెట్‌తో మొదలుపెట్టండి. ఆటో మార్కింగ్ ఆఫ్ చేసి మీరే కొట్టండి, టికెట్ త్వరగా అలవాటవుతుంది. కాంటాక్టులు, ఎస్ఎంఎస్‌లు చదివే పర్మిషన్ అడిగితే ఇవ్వొద్దు. నంబర్లు కొట్టే ఆటకి మీ మెసేజ్‌లతో పనేంటి?

'ఒక్క నంబర్లో పోయింది'.. నిజమేనా?

తంబోలా ఆడిన ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా అనే మాట ఇది. 'అయ్యో, ఒక్క నంబర్ వస్తే ఫుల్ హౌస్ నాదే'. ఇందులో ఒక లెక్క ఉంది.

ఒక టికెట్ తీసుకుని మొత్తం 90 నంబర్లూ పిలిచే వరకు ఆడితే, జల్దీ ఫైవ్ సగటున 28వ నంబర్ దగ్గర పూర్తవుతుంది. టాప్ లైన్ లాంటి ఒక నిర్దిష్ట వరుస పూర్తి కావడానికి సగటున దాదాపు 76 నంబర్లు పడతాయి. ఫుల్ హౌస్‌కి అయితే సగటున 85. అంటే దాదాపు అన్నీ అయిపోవాలి. 60 నంబర్లు పిలిచేసరికి ఒక టికెట్‌కి ఫుల్ హౌస్ వచ్చే ఛాన్స్ 800లో ఒకటి కూడా ఉండదు.

కానీ ఆటలో వందల టికెట్లు ఉంటాయి కాబట్టి ఎవరో ఒకరు ముందే కొట్టేస్తారు. ఆ టైమ్‌కి చాలామంది రెండు మూడు నంబర్ల దూరంలో ఆగిపోతారు. అందుకే అందరికీ 'కొంచెంలో మిస్సయ్యాం' అనిపిస్తుంది. నిజానికి ఈ ఆటలో ఒక్క నంబర్‌తో ఓడినా, పది నంబర్లతో ఓడినా తేడా లేదు. తర్వాతి ఆటలో కొత్త టికెట్, కొత్త నంబర్లు. పోయినసారి దగ్గరికి వచ్చారు కదా అని ఈసారి ఛాన్స్ పెరగదు.

డబ్బు పెడితే లెక్క ఎలా ఉంటుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆన్‌లైన్ తంబోలాలో రూ.50 చొప్పున 200 టికెట్లు అమ్మారనుకోండి. వచ్చింది రూ.10 వేలు. నిర్వాహకుడు తన వాటాగా రూ.2 వేలు ఉంచుకున్నాడు. మిగిలిన రూ.8 వేలలో ఫుల్ హౌస్‌కి రూ.4 వేలు, జల్దీ ఫైవ్‌కి రూ.వెయ్యి, మూడు లైన్లకు తలా రూ.వెయ్యి పెట్టాడు.

ప్రైజులు ఐదు. కాబట్టి ఒక్కో ప్రైజ్ ఒక్కో టికెట్‌కి వెళ్లినా, 200లో కనీసం 195 టికెట్లకు పైసా రాదు. సగటున చూస్తే రూ.50 పెట్టిన ఒక్కో టికెట్‌కి తిరిగి వచ్చేది రూ.40.

మరి ఎక్కువ టికెట్లు కొంటే? ఆ 200 టికెట్లూ మీరే కొన్నారనుకోండి. అన్ని ప్రైజులూ మీవే, ఒక్కటి కూడా మిస్ కాదు. అయినా రూ.10 వేలు కట్టి రూ.8 వేలు తీసుకుంటారు. అంటే అన్నీ గెలిచినా రూ.2 వేలు నష్టం! టికెట్లు పెంచితే గెలిచే ఛాన్స్ పెరిగే మాట నిజమే, కానీ పోయే డబ్బు కూడా అదే లెక్కన పెరుగుతుంది.

రోజూ నాలుగు టికెట్లు కొనేవాళ్లు నెలకి రూ.6 వేలు పెడతారు. సగటున రూ.1,200 పోతాయి. ఇది సగటు మాత్రమే. పెద్ద ప్రైజ్ తగలనివాళ్లకు పోయేది ఇంకా ఎక్కువ. రోజుకు ఒక ఆట కాకుండా పది ఆటలు ఆడితే? లెక్క మీరే వేసుకోండి.

క్రికెట్‌లో ప్రాక్టీస్ చేస్తే ఆట మెరుగవుతుంది, చెస్‌లో ఆలోచిస్తే గెలవొచ్చు. బింగోలో పదేళ్లు ఆడినవాళ్లకీ, ఈరోజే మొదలుపెట్టినవాళ్లకీ ఛాన్స్ సమానం. 'ట్రిక్స్ నేర్పిస్తాం', 'లక్కీ నంబర్లు చెబుతాం' అనేవాళ్లను అందుకే నమ్మకూడదు.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేమ్‌లపై పార్లమెంట్ 2025 ఆగస్టులో చట్టం చేసింది. పేరు ప్రమోషన్ అండ్ రెగ్యులేషన్ ఆఫ్ ఆన్‌లైన్ గేమింగ్ యాక్ట్. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దీని ప్రకారం నైపుణ్యంతో ఆడేదైనా, అదృష్టం మీద నడిచేదైనా సరే.. డబ్బు కట్టి, తిరిగి డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆన్‌లైన్‌లో ఆడితే అది 'ఆన్‌లైన్ మనీ గేమ్'. అలాంటివి నడపడం నిషేధం. డబ్బుకు బదులు కాయిన్లు, టోకెన్లు అని పేరు మార్చినా, వాటిని డబ్బుతో కొంటే అదీ ఇందులోకే వస్తుంది.

- నడిపేవాళ్లకు: మూడేళ్ల వరకు జైలు, రూ.కోటి వరకు జరిమానా.
- ప్రచారం చేసేవాళ్లకు: రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా.

ఈ కేంద్ర చట్టంలో ఆడినవాళ్లకు శిక్ష పెట్టలేదు. అయితే తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. రాష్ట్ర చట్టాల కింద ఆడేవాళ్ల మీదా కేసు పెట్టే వీలుంది.

డబ్బు పందెం లేకుండా సరదాకి ఆడే యాప్‌లకు ఇబ్బంది లేదు. కేంద్ర చట్టం వాటిని 'ఆన్‌లైన్ సోషల్ గేమ్స్'గా వేరు చేసింది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు..

బ్రిటన్‌లో ఆన్‌లైన్ బింగో చట్టబద్ధం. అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్స్ ఉన్న సైట్లే నడపాలి. 18 ఏళ్లు నిండాలి, ఆడకముందే వయసు ధ్రువీకరణ తప్పనిసరి. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో గ్యాంబ్లింగ్ నిషేధం. చదువుకోడానికో, ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లకు అక్కడ ఈ ప్రకటనలు బాగానే కనిపిస్తాయి.

అక్కడ జాగ్రత్తగా చూడాల్సింది 'బోనస్' కండిషన్లు. 10 పౌండ్ల బోనస్ ఇచ్చి, నాలుగు రెట్ల కండిషన్ పెట్టారంటే 40 పౌండ్ల ఆట ఆడాకే ఆ డబ్బు తీసుకోగలరు. ఈలోపు ఉన్నది కూడా పోవచ్చు. ఆపలేకపోతున్నామని అనిపిస్తే 'గ్యామ్‌స్టాప్' అనే ఉచిత సర్వీస్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. అక్కడి లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ సైట్లన్నీ మిమ్మల్ని ఆడనివ్వకుండా ఆపుతాయి.

గ్రూపుల్లో జరిగే మోసాలు

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో నడిచే తంబోలాలో లైసెన్స్ లేదు, లెక్క చూసేవాళ్లు లేరు. టికెట్లు అమ్మేదీ, నంబర్లు పిలిచేదీ, ప్రైజ్ ఇచ్చేదీ ఒక్కరే. ఎన్ని టికెట్లు అమ్మారో మీకు తెలీదు. గెలిచినట్టు చూపించిన పేరు నిజంగా ఉందో లేదో కూడా తెలీదు. ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే బయటికి వచ్చేయండి.

- మొదట్లో చిన్న ప్రైజులు ఇచ్చి, తర్వాత 'వీఐపీ గేమ్' అంటూ పెద్ద టికెట్ కొనమనడం.
- ప్రైజ్ తీసుకోవాలంటే ముందు ట్యాక్స్ లేదా ప్రాసెసింగ్ ఫీజు కట్టాలనడం.
- ప్లే స్టోర్‌లో లేని యాప్‌ను ఏపీకే ఫైల్‌గా పంపించి ఇన్‌స్టాల్ చేయమనడం.
- ప్రైజ్ మనీ పంపిస్తున్నాం, యూపీఐ పిన్ కొట్టండి అనడం.

చివరిది అస్సలు మర్చిపోవద్దు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

డబ్బు పోయిందని తెలియగానే 1930కి కాల్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఆట మానలేక, అప్పుల గురించి ఇంట్లో చెప్పలేక నలిగిపోతున్నవాళ్లు టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేసి మాట్లాడొచ్చు. ఇది ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్.

ఇంట్లోవాళ్లతో వీడియో కాల్‌లో ఆడాలంటే..

ఈ ఆటకి బాగా సూటయ్యేది ఇదే. విజయవాడలో అమ్మమ్మ, హైదరాబాద్‌లో పిన్ని, డల్లాస్‌లో మనవళ్లు.. అందరూ ఒకే ఆటలో కూర్చోవచ్చు.

1. ఒకరు కాలర్‌గా ఉండాలి. వాళ్లు టికెట్ తీసుకోకూడదు.
2. ఫ్రీగా టికెట్లు తయారుచేసే యాప్‌తో ఒక్కొక్కరికి ఒక్కో టికెట్ ఫొటో పంపండి. టికెట్ మీద పేరు రాయండి.
3. ఆట మొదలయ్యేముందు అన్ని టికెట్లూ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేయండి. తర్వాత 'నా టికెట్ ఇది కాదు' అన్న గొడవ రాదు.
4. ఏయే ప్రైజులు, ఇద్దరికి ఒకేసారి వస్తే ఎలా పంచాలి అన్నది ముందే అనుకోండి.
5. నంబర్ పిలిచాక కొన్ని సెకన్లు ఆగండి. ఫారిన్‌లో ఉన్నవాళ్లకు నెట్ స్లో అయితే వినిపించడం లేటవుతుంది.
6. పిలిచిన నంబర్లను కాలర్ వరుసగా రాసి పెట్టుకోవాలి. క్లెయిమ్ వస్తే టికెట్‌ను దాంతో సరిచూడాలి.

నంబర్లు తెలుగులో పిలిస్తే ఇంకా మజా. 'యాభై తొమ్మిది', 'అరవై తొమ్మిది', 'డెబ్బై తొమ్మిది' అనగానే ఇంగ్లిష్‌లో లెక్కలు నేర్చుకున్న పిల్లలు ఒక్క క్షణం ఆగిపోతారు. రెండు మూడు ఆటలయ్యేసరికి వాళ్లకు తెలుగు అంకెలు వచ్చేస్తాయి. ప్రైజ్‌గా డబ్బులు కాకుండా చాక్లెట్లు, ఆదివారం మెనూ చెప్పే ఛాన్స్, ఒక పూట గిన్నెలు తోమే పని నుంచి సెలవు లాంటివి పెట్టుకోండి. ఫుల్ హౌస్ ఎవరు కొట్టినా ఎవరి జేబుకీ చిల్లు పడదు, పిల్లలు వచ్చే ఆదివారం మళ్లీ ఆడదామంటారు.